ఆఖరి రేటు

హెలికాప్టర్ నన్ను ఉదయం ఏడుంబావుకు దించింది. రెక్కలు ఆగలేదు. ముందు సామాను తోశారు, ఆ తర్వాత నన్ను తోశారు. మంచుపొడి ముఖానికి కొట్టింది. కళ్ళు తెరిచేసరికి హెలికాప్టర్ లోయలో ఈగంత అయిపోయింది. ఆ తర్వాత చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడమంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. బీదర్‌లో, నౌబాద్‌లో, దుకాణం వెనక గదిలో పెరిగినవాణ్ణి. మా ఇంట్లో నిద్రలో కూడా ఎవరో ఒకరు ఏదో ఒకదాని రేటు అడుగుతూనే ఉంటారు.

పోస్టు పేరు రాయను. లద్దాఖ్ వైపు అంటే చాలు. ఒక ఇరుకైన గుట్ట వీపు మీద మూడు గుడిసెలు, రాళ్ళు పేర్చిన ఒక బంకర్, ఒక రేడియో యాంటెన్నా. అక్కడి నుంచి రెండు వందల గజాల ముందు ఇంకో చిన్న బంకర్. అందులో ఎప్పుడూ ఇద్దరుండాలి. వాళ్ళకు ఒక మెషిన్ గన్, ఒక స్టవ్, ఒక చిన్న రేడియో. రెండింటి మధ్య నాలా. మన ఊళ్ళో నాలా అంటే మురికి కాలువ. అక్కడ నాలా అంటే కొండ కొప్పు నుంచి లోయ అడుగుదాకా దిగిన మంచు పల్లం. దానికి అడ్డంగా ఒక తాడు కట్టి ఉండేది. ఆ తాడు పట్టుకుని అవతలికి కిరోసిన్ తీసుకెళ్ళాలి, తిండి తీసుకెళ్ళాలి, మనుషులు మారాలి.

నా ఒంటి మీద మూడు పొరల ఉన్ని, తెల్ల కోటు, రెండు పొరల బూట్లు, నల్లటి అద్దాలు. వీపు మీద ఇరవై కిలోలు. అందులో కొంత సర్కారుది కాదు: చింతపండు, కారప్పొడి, గుడ్డలో చుట్టిన కరకరలాడే కడక్ జొన్నరొట్టెలు. జెర్సీ చేతికి మూడు పట్టీలు. హవల్దార్‌నై నెల కూడా కాలేదు. ఆ చెయ్యి అందరికీ కనబడేటట్టు కొంచెం పక్కకు తిరిగి నడవడం అలవాటు చేసుకుంటున్నాను.

బంకర్ ముందు ఒక మనిషి నా మూట అందుకున్నాడు. నలభైకి దగ్గర్లో వయసు, గడ్డంలో మంచు. పోస్టులో ఎక్కువమంది మాట హిందీయే. ఈయన మాత్రం నా యాస పట్టేసి తెలుగులోకి దిగాడు.

"ఏ ఊరు?"

"బీదర్. నౌబాద్."

"నౌబాద్‌ల ఎవ్వలోళ్ళు?"

మా నాయన దుకాణం గుర్తులు చెప్పాను. ఆయన మూట కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"అరె, మాది నిర్ణా. మా కందులన్ని మీ కాంట మీదనే పడేటియి గదా. రాండ్రి సేట్ సాబ్, రాండ్రి. ఈడ గూడ దుకాణం పెడ్తరా ఏంది?"

లోపల నలుగురు నవ్వారు. నా మూడు పట్టీలు అక్కడే రాలిపోయాయి. ఆ రోజు నుంచి పోస్టు మొత్తానికి నేను సేట్.

ఆ మనిషిని అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన హోదా చూస్తే ఉత్త సిపాయి. ఒకప్పుడు హవల్దారే. ఏదో సాయంత్రం, ఏదో తాగుడు, ఏదో తగాదా. విచారణ జరిగింది, పట్టీలు పోయాయి. పట్టీలు విప్పిన చోట జెర్సీ మీద దారం రంధ్రాలు ఇంకా కనబడేవి. ఆయన వాటిని దాచుకోలేదు, చూపించుకోనూ లేదు. ఫౌజులో ఉస్తాద్ అనే పిలుపు మామూలుగా నాలాంటి హవల్దార్లకు దక్కాలి. అది ఆయన దగ్గరే ఉండిపోయింది. తిరిగి తీసుకోమని ఎవరికీ హుకుం రాలేదేమో.

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్. కేరళ మనిషి, తక్కువ మాటలు. ఆయన "బయటికి" అంటే అందరూ బయటికి. నేను వెళ్ళిన రెండో వారంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరుతున్నాయని మందుల సిపాయి చెప్పాడు. ఆ ఎత్తులో అది గంటల లెక్క. ఎండ ఉన్న ఒక ఉదయం హెలికాప్టర్ వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. స్ట్రెచర్ మీద నుంచే నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "నా బదులు వచ్చేదాకా పోస్టు నీది." ఆయన తెల్ల కోటు బంకర్ లోపల మేకుకే ఉండిపోయింది. దాని ఛాతీ మీద రెండు నక్షత్రాల పట్టీ. తడిసినందువల్ల విప్పారు, తొందరలో మర్చిపోయారు. దాన్ని ఎవరూ తీయలేదు. నేనూ తీయలేదు.

ఆ సాయంత్రం ఆరు గంటలకు రేడియోలో బటాలియన్ నుంచి మాట వచ్చింది. వాతావరణం చెడుతోంది, కొత్త సుబేదార్ రావడానికి టైం పడుతుంది, అప్పటిదాకా కమాండ్ నాది. మొత్తం పదకొండు మంది. నేను వాళ్ళ ముందు నిలబడి మొదటి హుకుం ఇచ్చాను. పెద్ద హుకుం ఏమీ కాదు, గుడిసె కప్పు మీద మంచు తీయమన్నాను.

అందరూ కదిలారు. అయితే కదిలే ముందు, రెప్పపాటు, అందరి కళ్ళూ ఉస్తాద్ వైపు వెళ్ళొచ్చాయి.

ఇంకో హవల్దార్ అయితే ఆ చూపు కనిపెట్టేవాడు కాదు. నేను దుకాణం పిల్లవాణ్ణి. మా దుకాణంలో ఒక పక్క కందులు తూచే కాంట, ఇంకో పక్క బట్టలు. భార్యాభర్తలు బట్ట కొనడానికి వస్తారు. మాట్లాడేది మొగుడు, గీచి గీచి అడిగేది మొగుడు, జేబులో చెయ్యి పెట్టేదీ మొగుడే. కానీ సరే అనే ముందు ఒక్కసారి భార్య వైపు చూస్తాడు. మా నాయన మాకు మొదట నేర్పింది కూడికలు కాదు, ఆ చూపు. గిరాకీ ఎవరి వైపు చూస్తాడో వాళ్ళకు సరుకు చూపించు అనేవాడు.

కాబట్టి నాకు సంగతి అర్థమైంది. పోస్టు నాది. బేరం ఉస్తాద్‌ది.

అర్థమయ్యాక ఏం చేయాలి? గట్టిగా అరవొచ్చు. ఆ ఎత్తులో గట్టిగా అరిస్తే ఊపిరాడదు. పైగా నా గొంతు అరవడానికి పనికిరాదని శిక్షణలో, రంగ్రూటు రోజుల్లోనే తేలింది. నాకు వచ్చిన విద్య ఒకటే. దాన్నే బయటికి తీశాను.

రోజుకు నాలుగుసార్లు మంచు తవ్వాలి అనేవాణ్ణి. రేడియో ఆపరేటర్ నారాయణఖేడ్ వాడు, మాటకారి. "నాలుగెక్కడియి సేట్ సాబ్, రెండుసార్లకు చేతులు ఇరుగుతున్నయి" అనేవాడు. మూడు దగ్గర తెగేది. నాకు కావాల్సింది మూడే. ముందు బంకర్ డ్యూటీ వారం అనేవాణ్ణి, అయిదు రోజులకు ఒప్పుకునేవాణ్ణి. రూలు కూడా అయిదే. పని ఎక్కువ చేసినవాడికి శాటిలైట్ ఫోన్‌లో ఇంకో రెండు నిమిషాలు, లేకపోతే చిక్కటి తీపి పాల డబ్బా. చింతపండు చారు ఉన్న రోజున నీళ్ళకు మంచు కరిగించే పనికి పోటీ పడేవాళ్ళు. పోస్టు గడియారంలా నడిచింది. నాకంటే తెలివైన కమాండర్ ఆ సరిహద్దులో లేడనుకున్నాను. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకుందామంటే చెప్పుకునేందుకు ఎవరూ లేరు. ఫోన్‌లో తమ్ముడికి చెప్తే, "అన్నా, ఆడ గూడ గదే పనా?" అన్నాడు.

ఉస్తాద్ ఈ తిరునాళ్ళంతా చూస్తూ ఉండేవాడు. ఆయన ఎవరికీ ఏమీ ఇచ్చేవాడు కాదు. పార తీసుకుని బయటికి వెళ్ళేవాడు. కాసేపటికి ఆయన వెనక ఇంకో ఇద్దరుండేవారు. ఆయన ఏదన్నా ఒక్కసారే చెప్పేవాడు. దానికి ఎవరూ రేటు అడిగేవారు కాదు.

ఒక మధ్యాహ్నం స్టవ్ దగ్గర టీ తాగుతూ నన్నే చూశాడు.

"సేటూ, నువ్వు నాలుగు అంటె పోరలు మూడు వింటున్నరు."

"విననీ. పని అయితుంది గదా."

"అయితుంది. కాని ఏదన్న ఒక దినం నీకు నాలుగే కావల్నంటె ఏం జేస్తవ్?"

"అయిదు అంట."

ఆయన టీ పక్కన పెట్టి దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ పోస్టులో నేను మనస్ఫూర్తిగా నవ్విన రోజుల్లో అదొకటి. మొదట వచ్చినప్పుడు సేట్ అంటే ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత ఆ పిలుపు కోసం చెవులు కాచుకుని ఉండేవి. ఆరు నెలల్లో మా ఊరు అక్కడ ఉన్నది ఆ ఒక్క మాటలోనే. మిగతాదంతా తెలుపు. బీదర్ ఎర్రమట్టిలో పుట్టినవాణ్ణి, అక్కడ ఎరుపు చూడాలంటే కిరోసిన్ డబ్బా మూత చూసుకునేవాణ్ణి.

ముందు బంకర్‌లో గన్నర్‌గా ఉన్నవాడు కూడా నిర్ణా వాడే. ఇరవై రెండేళ్ళు. ఉస్తాద్‌ను మామా అని పిలిచేవాడు. చుట్టరికం కాదు, ఊరి వరస. వాడు ఫౌజులోకి రావడానికి కారణం ఉస్తాద్. సెలవు మీద ఊరికి వెళ్ళినప్పుడు ఆయన వాడి తల్లితో, "నా తోని పంపు అక్కా, నేనున్న" అన్నాడట. ఆ మాట మీద ఆమె పంపింది. ఈ సంగతి ఉస్తాద్ నాకు చెప్పలేదు, గన్నరే చెప్పాడు. వాడికి అది గర్వం. ఉస్తాద్‌కు ఏమిటో ఆ తర్వాత చూశాను.

మంచు ఒక శుక్రవారం పొద్దున మొదలైంది. గాలి పడమర నుంచి. మధ్యాహ్నానికి గుమ్మం కనబడలేదు. శనివారం కూడా ఆగలేదు. ఆదివారం ఉదయం ఆరు గంటల రేడియోలో బటాలియన్ ఇచ్చిన హెచ్చరిక సగమే వినబడింది: నాలాల పైన కొత్త మంచు బరువు, కదలికలు ఆపండి, మళ్ళీ చెప్పేదాకా. 'మళ్ళీ' అన్న మాట దగ్గర యాంటెన్నా విరిగింది. శాటిలైట్ ఫోన్ శుక్రవారం నుంచే పలకడం లేదు. ఆ తర్వాత బటాలియన్ లేదు. ముందు బంకర్‌తో మాట్లాడే చిన్న రేడియో ఒక్కటే మిగిలింది.

తొమ్మిదింటికి మంచు ఆగింది. ఎండ వచ్చింది. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. నాలా పైన, కొండ కొప్పు కింద, కొత్త మంచు పొట్ట పెంచుకుని కూర్చుంది. మందుల సిపాయి హిమాచల్ వాడు, మంచులో పుట్టినవాడు. వాడు దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

ముందు బంకర్ నుంచి గన్నర్ మాట్లాడాడు. తిండి ఉంది. కిరోసిన్ రేపటిదాకా కూడా సరిపోదు. శుక్రవారం మార్పిడి జరగాల్సింది, మంచు వల్ల జరగలేదు. వాడితో ఉన్న జోడీకి జ్వరం.

స్టవ్ ఆరితే అక్కడ నీళ్ళుండవు, వేడి ఉండదు. బూటు లోపల చెమట గడ్డ కడుతుంది. ఏమవుతుందో మాకందరికీ తెలుసు.

నేను అందరినీ బంకర్‌లోకి పిలిచాను. మూడు రోజులు ఎండ పడనిస్తే పైన ఉన్నది కిందికి దిగుతుంది, లేకపోతే గట్టిపడుతుంది. అప్పటిదాకా ఎవరు అడుగు పెట్టినా అది వాళ్ళ మీద కూర్చుంటుంది. ఇదీ నా లెక్క.

"మూడు దినాలు నాలా ఎవ్వలు దాటద్దు" అన్నాను. హిందీలో కూడా చెప్పాను.

రేడియో ఆపరేటర్ గొంతు సవరించుకున్నాడు. వెటకారం కాదు. రోజూ మాట్లాడినట్టే మాట్లాడాడు.

"మూడంటె శాన అయితది సేట్ సాబ్. రేపు పొద్దుగాల దాటుదం. చలికి గట్టిగుంటది."

వెనక ఇంకొకడు, "లేదంటే ఎల్లుండి తెల్లారి" అన్నాడు హిందీలో. ఒకరిద్దరు తలూపారు. ఎల్లుండి దగ్గర తెగుతుందని వాళ్ళ అంచనా.

వాళ్ళు నన్ను ధిక్కరించడం లేదు. వాళ్ళు బేరమాడుతున్నారు. నేర్పింది నేనే. నా నోటి నుంచి వచ్చే మొదటి మాట ఎప్పుడూ అసలు మాట కాదని వారాల తరబడి పాల డబ్బాలు ఇచ్చి మరీ నేర్పాను. ఇప్పుడు అయిదు అంటే నాలుగు దగ్గర ఆగుతారు కదా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. నా సిగ్గులేనితనం అంతటిది. నోటిదాకా వచ్చింది. మింగాను.

అప్పుడు చూశాను ఉస్తాద్‌ను. ఆయన బేరంలో లేడు. గుమ్మం పక్కన కూర్చుని బూట్లకు ఇనప పళ్ళు బిగించుకుంటున్నాడు. కిరోసిన్ డబ్బా తాడుతో అప్పటికే వీపుకు ఎక్కింది. ఎర్ర మూత.

"ఉస్తాద్."

"నేనొక్కణ్ణే పోతున్న సేటూ. ఎవ్వలు రానక్కర్లేదు."

"నువ్వు లేస్తే వీళ్ళల్ల నలుగురు లేస్తరు. ఆ సంగతి నీకెర్కనే."

ఆయన పట్టీ లాగి ముడి వేశాడు. అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. రెప్పపాటు చూపు కాదిది. నిలిచిపోయిన చూపు.

నా దగ్గర ఏముంది? హుకుం తప్పితే శిక్ష అని బెదిరించవచ్చు. పట్టీలు పోయినవాడి దగ్గర ఇంకేం పీకుతాం? ఫోన్ నిమిషాలా, పాల డబ్బాలా? ఆయన ఎప్పుడూ నా దుకాణంలో ఏమీ కొనలేదు. మొదటిసారి జీవితంలో నా తక్కెడలో వేయడానికి ఏమీ లేకుండా నిలబడ్డాను.

"ఇందుల బేరం లేదు ఉస్తాద్" అన్నాను.

ఆయన తలెత్తాడు. మా దుకాణంలో రైతులు అడిగినట్టే, అంతే నెమ్మదిగా అడిగాడు.

"ఆఖరికి ఎన్ని దినాలు, సేటూ?"

"మూడే. చెప్పింది అదే, ఆఖరుదీ అదే."

"ఎవ్వల మాట? బటాలియన్‌దా?"

బటాలియన్‌ది అంటే సులువయ్యేది. వినబడింది సగమే.

"నాది."

ఆయన నన్ను చూశాడు. చాలాసేపు. అందరూ ఆయన్ని చూస్తున్నారు, ఆయన నన్ను చూస్తున్నాడు.

తర్వాత ఆయన ముడి విప్పాడు. డబ్బా కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు, కప్పు తగలకుండా తల కొంచెం వంచి, మడమలు కలిపాడు.

"హుకుం, హవల్దార్ సాబ్."

అంతే. రేడియో ఆపరేటర్ కూడా మడమలు కలిపాడు. ఇంకెవరూ ఎల్లుండి అనలేదు.

గన్నర్‌కు నేను చెప్తానన్నాను. ఉస్తాద్ రేడియో నా చేతిలోంచి తీసుకున్నాడు.

"నాలా దాటద్దని హుకుం అయింది. మూడు దినాలు."

అవతల గాలి చప్పుడు. "నువ్వు గూడ వస్తలేవా మామా?"

"వస్తలేను."

మళ్ళీ గాలి. "అచ్ఛా మామా."

"బూట్లు ఇడ్శి పండుకునే సంచిల పెట్టుకోండ్రి. గుండ్ల పెట్టెలు కట్టెవి ఉన్నయి గదా, ఇరగ్గొట్టి కాల్చుండ్రి. ఒక్కొక్కటే కాల్చుండ్రి. నిద్ర పోనియ్యకు వాన్ని."

ప్రతి గంటకూ ఆయనే మాట్లాడాడు. ఊళ్ళో ఎవరి ఎద్దు ఎవరి చేలో పడిందో, జాతరలో ఎవడు ఎట్లా బోల్తా పడ్డాడో చెప్పేవాడు. సోమవారం మధ్యాహ్నం గన్నర్ గొంతు ముద్దగా వచ్చింది, అయినా హాస్యం పోలేదు. "సేట్ సాబ్‌కు చెప్పు మామా, ఈడ గిరాకీ లేదు. దుకాణం బంద్ జేస్తున్నం." నేను పక్కనే ఉన్నాను. నవ్వలేకపోయాను. ఉస్తాద్ నాకేసి తిరగలేదు.

ఆ రెండు రోజులూ కొండ మీది మంచు కదలలేదు. ఎండలో మెరుస్తూ అట్లాగే కూర్చుంది. నేను బయట నిలబడి దాన్నే చూస్తూ ఉండేవాణ్ణి. పడు అని మనసులో బతిమాలాను. ఎంతకు పడతావు చెప్పు అని కూడా అడిగాను. సిపాయిలు నా పక్కనుంచి వెళ్ళేటప్పుడు నిటారుగా అయ్యి వెళ్ళేవారు. ఎవరూ ఆగి మాట్లాడలేదు. కమాండర్‌కు దక్కాల్సిన మర్యాద మొత్తం రెండు రోజుల్లో దక్కింది. దాంతో ఏం చేసుకోవాలో తెలియలేదు.

మంగళవారం, పదకొండు దాటాక, పైన ఒక గీత కనబడింది. సన్నగా, నీలంగా, చీర అంచులా. తర్వాత చప్పుడు. నాలా మొత్తం ఒక్కసారి లేచి నడిచింది. నిమిషం కూడా పట్టలేదు. పొగ తగ్గాక చూస్తే తాడు లేదు, తాడు కట్టిన ఇనప గూటాలు లేవు, పల్లం రూపమే మారిపోయింది.

ఉస్తాద్ అప్పటికే డబ్బా ఎత్తుకున్నాడు. నన్ను చూశాడు. నేను తలూపాను. కదిలాడు. తలూపేదాకా కదలలేదు.

ఇద్దరూ బతికే ఉన్నారు. జోడీ కోలుకున్నాడు. గన్నర్ ఎడమ కాలి వేళ్ళు నల్లబడ్డాయి. ఉస్తాద్ వాణ్ణి వీపు మీద మోసుకొచ్చాడు. గురువారం హెలికాప్టర్ వచ్చింది, వాణ్ణి తీసుకుపోయింది, కొత్త సుబేదార్‌ను దించింది. ఆస్పత్రిలో మూడు వేళ్ళు తీసేశారని తర్వాత తెలిసింది.

కొత్త సుబేదార్ అంతా విని నా భుజం తట్టాడు. సరైన నిర్ణయం అన్నాడు. కాగితం మీద కూడా అదే రాశాడు. సరైనదే అయ్యుండొచ్చు. ఆదివారమే దాటి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. మంచు ఆదివారం పడలేదు, సోమవారం పడలేదు. ఉస్తాద్ ఒక్కడే తేలిగ్గా వెళ్ళి తేలిగ్గా వచ్చేవాడేమో. వాడి వేళ్ళు వాడికి ఉండేవేమో. లేదా నాలాలో నలుగురి కోసం వసంతం దాకా వెతుక్కునేవాళ్ళమేమో. ఈ రెండు పళ్ళాల్లో ఏది బరువో తూచే రాయి మా దుకాణంలో లేదు.

ఉస్తాద్ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నాతో మామూలుగానే ఉన్నాడు. టీ ఇచ్చేవాడు, పని అడిగేవాడు, చెప్పింది చేసేవాడు. ఒక్కటే మారింది. ఆ రోజు నుంచి నేను ఆయనకు హవల్దార్ సాబ్. నువ్వు పోయి మీరు వచ్చింది. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ మానేశారు. ఆఖరికి రేడియో ఆపరేటర్ కూడా. నేను నాలుగు అంటే నాలుగే జరిగేది. పరీక్షించాలని ఒకరోజు అయిదు అన్నాను. అయిదుసార్లూ తవ్వారు.

ఎండాకాలం మొదట్లో మా టోళీ దిగింది. మంచు నుంచి రాళ్ళలోకి, రాళ్ళ నుంచి దుమ్ములోకి. రైళ్ళు మారి బీదర్ స్టేషన్‌లో దిగి ఎర్రమట్టి చూసి కాసేపు అట్లాగే నిలబడ్డాను. ఆటోవాడు రేటు చెప్పాడు. బేరమాడకుండా ఎక్కాను. వాడు నాకేసి అనుమానంగా చూశాడు.

ఇంకొన్నాళ్ళు నౌకరీ చేసి పింఛను పుచ్చుకుని వచ్చాను. ఇప్పుడు తమ్ముడితో దుకాణంలో కూర్చుంటున్నాను. వచ్చేవాళ్ళు అడుగుతారు, తుపాకీ కాల్చినవా అని. ఆ టూర్‌లో ఒక్క గుండూ కాల్చలేదు అంటే నమ్మరు. చలి ఎట్లుంటది అని అడుగుతారు. చెప్తాను. ఉస్తాద్ సంగతి ఎవరూ అడగరు.

పోయిన కందుల కాలంలో ఆయన వచ్చాడు. ట్రాలీలోంచి దిగాడు, తెల్ల ధోవతి, గడ్డం నెరిసింది. వెనక సంచులు. పక్కన గన్నర్ కూడా ఉన్నాడు. ఊళ్ళో చిన్న పని చేసుకుంటున్నాడట, చెప్పులేసుకుని నెమ్మదిగా నడుస్తున్నాడు. నమస్తే అన్నాడు, నవ్వాడు కూడా. సంచులు మోసేవాళ్ళకు చోటు చూపిస్తూ పక్కకు వెళ్ళాడు.

నేను కందులు అరచేతిలో పోసుకుని చూశాను. మంచి గింజ. బజారు రేటు నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కావాలనే దానికి బాగా తగ్గించి చెప్పాను. తిడతాడని. సేటూ, నీ నోరు మారలేదా అంటాడని. మీ నాయన గూడ గిట్లనే తగ్గించేటోడు అంటాడని.

ఆయన నన్ను చూశాడు. ఆ రోజు చూసినట్టే, నెమ్మదిగా, చాలాసేపు.

"మీరు చెప్పినంక ఏముంది, హవల్దార్ సాబ్. కాంట వెయ్యండ్రి."

బజారు రేటే వేయమని తమ్ముడికి సైగ చేశాను. వాడు కాంట దగ్గరికి పోతూ ఆగాడు.

"ఎన్కకు ఏం జూస్తున్నవ్ అన్నా? ఎవ్వలున్నరు?"

"ఎవ్వలు లేరు" అన్నాను.

నేను వెనక్కి తిరిగినట్టు నాకే తెలియదు. తమ్ముడు చెప్తాడు, ఎవరైనా నన్ను ఆఖరి మాట అడిగితే నేను ఒకసారి వెనక్కి చూస్తానని. ఎప్పటి నుంచి అంటే చెప్పగలను. ఆ ఆదివారం నుంచి. బంకర్‌లో అందరూ ఉస్తాద్‌ను చూస్తున్నారు, ఉస్తాద్ నన్ను చూస్తున్నాడు. అప్పుడు నేనూ అందరిలాగే నా వెనక్కి చూశాను, చూడ్డానికి ఎవరైనా ఉంటారని. అక్కడ మేకుకు సుబేదార్ సాబ్ తెల్ల కోటు వేలాడుతోంది. ఛాతీ మీద రెండు నక్షత్రాలు. చేతులు మంచు కట్టి బిగుసుకుని, ఒంటికి కొంచెం దూరంగా నిలబడి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.